నొక్కుపడ్డ రింగు

నాలుగేళ్ళ కిందటి శ్రావణమాసం, రెండో శుక్రవారం, ఉదయం ఎనిమిదీ నలభైకి అవనిగడ్డ నుంచి ఫోను వచ్చింది. ఆ రోజు వరలక్ష్మీ వ్రతం. పూర్ణాలకు శనగపప్పు కుక్కర్లో పెట్టి విజిల్స్ కోసం గడియారం చూస్తున్నాను కాబట్టి టైము ఖాయంగా చెప్పగలను.

ఫోను చేసింది మా అమ్మాయి ఆడపడుచు.

"అత్తయ్యగారూ, మొన్న మీరు మెరుగు పెట్టించి పంపిన గొలుసు నాదేనా?"

"నీది కాకపోతే ఎవరిదమ్మా?"

"అమ్మవారికి వేద్దామని కుంకుడు రసంలో తోమానండీ. హుక్కు పక్కన నొక్కుపడ్డ రింగు ఉంటుందే, అక్కడ రంగు ఊడొచ్చింది. లోపల రాగి. ఇంటినిండా చుట్టాలు. అందరూ చూశారు."

నా వెనక కిటికీ కింద చాప మీద కూర్చుని రింగులు కలుపుతున్న మా మనవరాలు చేతిలోని పట్టకారు కింద పెట్టింది. ఆ చిన్న చప్పుడుకే నాకు తెలిసిపోయింది.

మేముండేది మచిలీపట్నంలో, గిల్టు నగలు చేసేవాళ్ళ వీధిలో. నా ఇరవై ఆరో ఏట ఈ పనిలో కూర్చున్నాను. ఇప్పుడు డెబ్బై రెండు. పని ఎలా సాగుతుందో చెబితేగాని తరవాత జరిగింది అర్థం కాదు. షాపువాళ్ళు రాగి రింగులు తూకం వేసి ఇస్తారు. ఇళ్ళల్లో ఆడవాళ్ళం వాటిని గొలుసులుగా కలుపుతాం. అవి షెడ్డుకు వెళ్ళి, అక్కడ మగవాళ్ళ చేతుల్లో అతుకులు, పూత పడి మళ్ళీ మా ఇంటికొస్తాయి. అప్పుడు హుక్కులు తగిలించి, డజను చొప్పున దారంతో కట్టి, తూకం వేసి తిరిగిస్తాం. తేడా వస్తే మా కూలీలో పడుతుంది. అందుకని నేను రెండు లెక్కలు చూస్తాను: గొలుసులు ఎన్ని, గ్రాములు ఎన్ని.

మనవరాలు ఆరో తరగతిలో నా దగ్గరికి వచ్చింది. మా అమ్మాయి గుడివాడలో బట్టల షాపులో పనిచేస్తుంది. పొద్దున తొమ్మిదికి వెళ్తే రాత్రి తొమ్మిదికి వస్తుంది. అల్లుడుగారు ధాన్యం లారీ మీద తిరుగుతారు. ఇంట్లో ఒంటరిగా ఉంచలేక పిల్లను నాకు అప్పగించారు. ఆ శ్రావణానికి దానికి పదిహేనేళ్ళ రెండు నెలలు, పదో తరగతి. లెక్కల్లో ఎప్పుడూ అత్తెసరు మార్కులే. చేతిలో పని మాత్రం అలాంటిది నేను ఈ నలభై ఆరేళ్ళలో చూడలేదు. అది రింగు మూస్తే మూసిన చోట గోరు ఆగేది కాదు. మొనలన్నీ లోపలివైపుకే తిరిగి ఉండేవి. అది కలిపినవి ఎర్రదారంతో కట్టేవాళ్ళం. ఆ పనంతా నా పేరు మీద వెళ్ళేది. షాపులో "మామ్మగారి చెయ్యి" అనేవారు. నేను కాదనేదాన్ని, వాళ్ళు నవ్వేవారు.

షెడ్డులో అతుకు పని, అచ్చు పని నేర్చుకుంటానని ఎనిమిదో తరగతి నుంచి అడిగేది. షాపు యజమాని దగ్గరికి నేనే వెళ్ళాను.

"ఆడపిల్లని షెడ్డులో కూర్చోబెడితే మగాళ్ళు పని మానేసి దాన్నే చూస్తారు మామ్మగారూ," అన్నాడు.

ఇంటికొచ్చి ఆ మాట చెప్పాను. "నేను వాళ్ళని చూడను గదా, పని చూస్తా," అంది. ఇంకెప్పుడూ అడగలేదు.

బందరులో ఉన్నాం కాబట్టి చుట్టాలందరూ బంగారం మెరుగుకు మా దగ్గరికే పంపుతారు. నేను చేసేది రెండు వీధుల అవతల కంసాలికి ఇచ్చి తీసుకురావడమే. ఆ ఆషాఢంలో మా అమ్మాయి ఆడపడుచు తన మూడు కాసుల గొలుసు తెచ్చింది. ఎప్పుడో తలుపు సందులో పడి హుక్కు పక్క రింగు ఒకటి నొక్కుకుపోయింది. అదే తన గొలుసుకు ఆనవాలని అందరికీ చూపిస్తుంది. మేనకోడలు చూస్తానని చెయ్యి చాపింది.

"కడుక్కునే ముట్టుకోవే," అంది మేనత్త. "గిల్టు ముట్టీ ముట్టీ మీకు బంగారమంటే తేడా తెలీకుండా పోద్ది."

"నీకు తెలుస్తదా అత్తా?"

"పదహారేళ్ళ నుంచి నా మెళ్ళో ఉన్నది నాకు తెలీదంటే?"

"అయితే సరే," అంది ఇది.

అత్తాకోడళ్ళ వేళాకోళం అనుకుని నేను కాఫీ కలపడానికి లోపలికి వెళ్ళాను.

వ్రతం నాడు ఫోను పెట్టేశాక అడిగాను. దాచలేదు, ఏడవలేదు. చాప అంచు సరిచేసుకుంటూ చెప్పింది.

"అదే డిజైను గొలుసులు ఆ వారం మనకి వచ్చినై గదా అమ్మమ్మా. ఒకటి అత్త గొలుసు పొడవుకి, రింగుకి రింగు లెక్కేసి కలిపా. పూతకెళ్ళొచ్చాక నొక్కు కూడా పెట్టా, నీ చిన్న సుత్తితో."

"పూత పడ్డాక కొడితే పగులుతుందని తెలీదుటే నీకు?"

"ముందే కొడితే షెడ్డులో పాడైందని పక్కన పడేస్తారు గదా," అంది. అంతవరకూ ఆలోచించింది.

"అసలెందుకే ఈ పని?"

"అత్తకి తెలుస్తదేమో చూద్దామని. ఇయ్యాళ పూజ అయ్యాక ఫోన్ చేసి నేనే చెబ్దామనుకున్నా. అందరూ ఉంటారు గదా."

"మరి బంగారం?"

అప్పుడు చాప అంచు వదిలేసింది. ఎర్రదారం కట్టలో పెట్టిందట. గిల్టు గొలుసు ఒకటి అత్తకు వెళ్ళిపోయాక కట్టలో పదకొండే ఉంటాయి, నేను లెక్కపెడతాను. అందుకని పన్నెండోది బంగారం పెట్టింది. షాపతను సోమవారం సోమవారం వస్తాడు. ఆదివారం లోపల ఇంకొకటి కలిపి పూతకిచ్చి మార్చేద్దామనుకుంది. ఆ వారం పండగ గిరాకీ అని అతను శనివారమే వచ్చాడు. అది స్కూల్లో ఉంది. ఆ తరవాత ఆరు రోజుల్లో మూడుసార్లు షాపు దగ్గరికి వెళ్ళి కట్ట అడిగింది. లోపలికి రానివ్వలేదు. నాకు చెప్పడానికి నోరు రాలేదు.

ఆ శనివారం నాకు బాగా గుర్తుంది. ఎర్రదారం కట్టలో డజను గొలుసులు, డజనూ ఉన్నాయి. తూకం పన్నెండు గ్రాములు ఎక్కువ వచ్చింది. తక్కువైతే కట్ట విప్పి వెతికేదాన్ని. ఎక్కువుందని అతనికి చెప్పాను.

"ఎక్కువొచ్చిందని గొడవపడేది ఈ బందరంతటికీ మీరొక్కరే మామ్మగారూ," అని సంచీలో వేసుకున్నాడు.

మూడు కాసుల బంగారు గొలుసుకూ, అంతే పొడవు, అంతే లావున్న రాగి గొలుసుకూ మధ్య ఉండే తేడా పన్నెండు గ్రాములు.

వ్రతం మానేసి షాపుకు పరిగెత్తాను. ఆ సరుకు కొంత గుడివాడ ఫ్యాన్సీ షాపులకు వెళ్ళింది, మిగిలింది తిరునాళ్ళలో అమ్మేవాళ్ళు పట్టుకెళ్ళారు. ఎవరు ఏ కట్ట తీసుకెళ్ళారో ఎవరికీ తెలియదు. గిల్టులో కట్టలకు చరిత్ర ఉండదు.

ఆడపడుచుకు నా గాజులు నాలుగూ కరిగించి, వినాయక చవితి లోపలే మూడు కాసుల కొత్త గొలుసు చేయించి ఇచ్చాను. బంగారం సంగతి అక్కడితో తీరింది. తీరనిది వేరే ఉంది.

లారీ దిగి నేరుగా బందరు వచ్చిన అల్లుడుగారు పిల్ల చెప్పిందంతా నిలబడి విన్నారు. విని, "ఎవడికిచ్చావ్?" అన్నారు.

"ఎవరికీ ఇవ్వలేదు నాన్నా. కట్టలో పెట్టా."

"ఎవడే వాడు?"

మా అమ్మాయి కూడా అదే అడిగింది, ఏడుస్తూ, పిల్ల తల నిమురుతూ. ఆడపడుచు ఫోన్లో అడిగింది. పక్కింటివాళ్ళు ఊరికే అడిగారు. అంతకు రెండేళ్ళ ముందు మా వీధిలోనే ఒక మగపిల్లవాడు షెడ్డులో సామాను ఎత్తుకుపోయి అమ్ముకున్నాడు. వాణ్ణి పట్టుకుని ఏం కొన్నావురా అని అడిగారు, రెండు తగిలించారు, పదో రోజుకు వాడు అదే షెడ్డులో పనికి కూర్చున్నాడు. మా పిల్లను ఏం చేశావని, ఎలా చేశావని, ఎందుకు చేశావని ఎవరూ అడగలేదు. ఆడపిల్ల తప్పు చేస్తే దాని వెనక మగవాడు ఉండి తీరాలి. ఆ తప్పు కూడా పూర్తిగా దానిది కానివ్వరు.

షాపు దగ్గరికి మూడుసార్లు వెళ్ళిందన్నది బయటికి వచ్చింది. కట్ట కోసం వెళ్ళిందన్నాను. "షెడ్డులో కుర్రాళ్ళున్నారు కదండీ," అంది ఆడపడుచు.

దానికి ఫోను లేదు. నా ఫోన్లో నంబర్లన్నిటికీ వరసగా ఫోన్ చేశారు. మందుల షాపతనికి, కేబుల్ అతనికి, గ్యాసు బుకింగుకు కూడా.

స్కూలు మాన్పించి గుడివాడ తీసుకెళ్ళారు. మా అమ్మాయి షాపుకు వెళ్తూ బయట గొళ్ళెం పెట్టి వెళ్ళేది. తప్పు చేసిన పిల్లను ఏం చేయాలో మా ఇళ్ళల్లో ఎవరికీ తెలియదు, తలుపు వేయడం తప్ప. పిల్ల కిటికీ అద్దం పగలగొట్టింది. అడ్డం వెళ్ళిన తల్లి చెయ్యి కొరికింది. వంటింట్లో డబ్బులు తీసి కిటికీలోంచి వీధిలోకి విసిరేసింది. ఈ మూడూ అది బందరులో చేసినవి కావు. నా దగ్గర ఉన్న నాలుగేళ్ళలో ఒక పళ్ళెం కూడా పగలగొట్టలేదు.

కార్తీకమాసంలో మా అమ్మాయి ఫోన్ చేసింది. గొంతులో ఒక రకమైన తేలిక. "అమ్మా, ఒప్పుకుంది. ఉన్నాడంట. ట్రైన్లో పరిచయమంట. గొలుసు వాడికే ఇచ్చిందంట."

మర్నాడు గుడివాడ వెళ్ళాను. ఇల్లు పెళ్ళి మాటలు కుదిరిన ఇల్లులా ప్రశాంతంగా ఉంది. అల్లుడుగారు కడుపునిండా తిని పడుకున్నారు. ఆడపడుచు "నే చెప్పలా" అని రెండుసార్లు ఫోన్ చేసిందట. పిల్ల పెరట్లో అంట్లు తోముతోంది. పక్కన కూర్చున్నాను.

"ఏ ట్రైనే?"

"ఏమో."

"పేరేంటి?"

"ఇంకా అనుకోలేదు అమ్మమ్మా." గిన్నె బోర్లించింది. "ఉన్నాడన్నాక నిద్రపోనిచ్చారు. నిన్న చేపల పులుసు కూడా పెట్టారు."

బోర్లించిన గిన్నె తీసి తుడిచాను. ఇంతలో గిన్నెల మధ్య నుంచి అంది: "అమ్మమ్మా, అత్త నొక్కు చూసుకుందా ముందు? చూసుకునే నాదే అనుకుందా?"

"చూసుకుందట. పది రోజులు బీరువాలో పెట్టుకుంది."

తల వంచుకుని కాసేపు తోమింది. మొహం నాకు కనిపించలేదు.

అల్లుడుగారు లేచాక చెప్పాను: ఆ కుర్రాడు లేడు, అది కల్పించింది. ఆయన చెడ్డ మనిషి కాదు. చాలాసేపు తువ్వాలుతో మెడ తుడుచుకున్నారు.

"అయితే ఆ గొలుసు నా కళ్ళతో చూపించండి అత్తయ్యగారూ. చూశానంటే ఎవడూ లేడని నమ్ముతా. మీ వెంట బందరు పంపిస్తా, పరీక్ష రాసుకుంటది. లేదంటే ఇక చదువు మాట ఎత్తొద్దు."

స్కూలు పెద్దమేడంగారిని కలిశాను. మాఘమాసం దాటకుండా తీసుకొస్తే ఏదో విధంగా పరీక్షకు కూర్చోబెడతానన్నారు. ఆ రోజు నుంచి నాకున్నది ఆ గొలుసు ఒక్కటే. గడ్డివాములో సూది అన్నా బాగుండేది, అక్కడ సూది ఒక్కటే మెరుస్తుంది. నేను వెతికేది గొలుసుల్లో గొలుసు.

గుడివాడ ఫ్యాన్సీ షాపులు పదకొండు తిరిగాను. కొనేదానిలా అడిగి, తీయించి, చేత్తో తూచి చూడడం. మూడో షాపుకల్లా మాట పాకింది. "వచ్చిందండీ తూకాల మామ్మగారు" అని నా ముందే నవ్వుకున్నారు. ఒక షాపులో కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చి, ఇంట్లో ఎవరికైనా ఫోన్ చేయమంటారా అని అడిగారు.

ఇక మిగిలింది తిరునాళ్ళ సరుకు. మాఘ పౌర్ణమికి సాగర సంగమంలో స్నానాలకని పాలకాయతిప్ప దగ్గరికి జనం వస్తారు, ఇసకలో కొట్లు వెలుస్తాయి. నా చూపు ఆనదు, వేళ్ళు మొద్దుబారాయి. పిల్లను నాతో పంపమని అల్లుడుగారిని చేతులు పట్టుకుని అడిగాను. ఒక్క పూటకు ఒప్పుకున్నారు.

పొద్దున్నే గుడివాడలో బస్సెక్కి అవనిగడ్డలో దిగి, అక్కణ్ణుంచి ఆటోలో వెళ్ళాం. గిల్టు నగలు పెట్టినవి పదిహేడు కొట్లు. చివరి నుంచి మొదలుపెట్టాం. అది గొలుసును మధ్యలో రెండు వేళ్ళతో ఎత్తి, కళ్ళు మూసుకుని, అరచేతిలోకి వదిలేది. "రాగి గలగలమంటది అమ్మమ్మా. బంగారం పడుకుంటది," అంది. కొట్టుకు పావుగంట పట్టింది.

ఐదో కొట్లో ఒకామె గోనెపట్టా మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. కాసేపు మమ్మల్ని చూసి, "ఏమ్మా, కొంటారా, జోకొట్టి పడుకోబెడతారా నా గొలుసుల్ని?" అంది.

"ఇందులో ఒకటి బంగారం ఉందక్కా. అది వెతుకుతున్నాం," అంది ఇది.

"అదే ఉంటే నేనిక్కడ ఉప్పుగాలిలో మొహం ఎండబెట్టుకుంటానా తల్లీ! ఉంటే చెప్పు, నువ్వు సగం, నేను సగం, మీ మామ్మకి బజ్జీలు."

పిల్ల నవ్వింది. శ్రావణం తరవాత నేను విన్న నవ్వు అదే. నవ్వుతూనే ఒక గొలుసు ఎత్తి ఆగిపోయింది. ఎండలోకి తిప్పి చూసింది.

"ఇది నేను కలిపిందే అమ్మమ్మా."

"నువ్వా?" అంది కొట్టామె. గొలుసు లాక్కుని రింగుల మీద బొటనవేలు నడిపింది. "ఎర్రదారం కట్టల్లో వస్తయ్యి ఇవి. జాకెట్టుకి పట్టుకోవు, జుట్టుకి పట్టుకోవు. షాపులో అవే ఏరుకుని తెచ్చుకుంటా నేను. ఎవరో ముసలామె చేస్తదన్నారే?"

"కాదు," అన్నాను. "ఈ పిల్లే."

"ఓయబ్బో. చెయ్యి ఇటియ్యి," అని దాని చెయ్యి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, గొలుసు తిరిగి పిల్ల చేతిలో పెట్టింది. "ఉంచుకో. బేరం అడక్కుండా ఇచ్చేది నీకే."

దాని మొహం నేను సరిగ్గా చూశాను. ఎనిమిదో తరగతి నుంచి అది అడుగుతున్నది ఇదే. ఇంత చిన్నది.

తొమ్మిదో కొట్టు దగ్గర స్నానం చేసి తడి జుట్టుతో వస్తున్న ఆడపడుచు, వెంట ఇంకో నలుగురు ఆడవాళ్ళు ఎదురయ్యారు. పిల్ల మెళ్ళో కొత్త గిల్టు గొలుసుంది, మొహంలో నవ్వు ఇంకా పోలేదు.

"చూడండి, ఇంత జరిగాక సింగారించుకుని తిరునాళ్ళలో పళ్ళికిలిస్తంది," అంది. "ఎవడికోసం వచ్చావే?"

"నీకోసమే వచ్చానత్తా. నీ గొలుసు వెతకడానికి."

"నా గొలుసు నా మెళ్ళోనే ఉంది," అని ఎత్తి చూపించింది. నా గాజులు కరిగించి చేసిన గొలుసు అది.

అక్కడే నిలబడి తమ్ముడికి ఫోన్ చేసింది. ఐదు నిమిషాలకు నాకు ఫోన్ వచ్చింది. వెంటనే తీసుకొచ్చేయమన్నారు అల్లుడుగారు. ఇంకా ఎనిమిది కొట్లు ఉన్నాయన్నాను. "వెంటనే అన్నాను అత్తయ్యగారూ." పిల్ల మెళ్ళో గొలుసు తీసి ఆ ఇసకలో పడేసింది. నేను వంగి తీసుకున్నాను.

ఇంటికెళ్ళాక ఆఖరి ప్రయత్నంగా అల్లుడుగారికి తూకం సంగతి చెప్పాను. కట్టలో పన్నెండు గొలుసులున్నాయి, పన్నెండు గ్రాములు ఎక్కువుంది, బంగారం అందులో లేకపోతే ఆ బరువు ఎక్కణ్ణుంచి వస్తుంది అని. కాగితం తీసుకుని వేసి చూపించాను. ఓపిగ్గా విన్నారు.

"తూకంలో పన్నెండు గ్రాములు ఎక్కువొస్తే నా కూతురు మంచిదైపోద్దా అండీ? ఊళ్ళో ఇదంతా చెప్పుకు తిరగమంటారా?"

పిల్ల గుమ్మంలో నిలబడి ఉంది. నా లెక్క తప్పని ఆయన అనలేదు. లెక్క సరిపోయినా పనికిరాదని అన్నారు. అది విన్నది. దాని మొహంలోంచి ఏదో వెళ్ళిపోవడం చూశాను, ఆపడానికి నా దగ్గర ఇంకో లెక్క లేదు.

నాలుగో రోజు ఉదయం ఆరుంబావుకు పాలపాకెట్టుకని వెళ్ళి రాలేదు. రైలు స్టేషనుకు పరిగెత్తేసరికి రెండు బండ్లు వెళ్ళిపోయాయి, ఒకటి ఇటు, ఒకటి అటు. పోలీసు స్టేషన్లో ఒక ఆడపోలీసు కాగితం మీద రాసుకుంటూ మొదట అడిగిన మాట, "అబ్బాయి ఎవరమ్మా?"

ఇరవై మూడో రోజున అదే పోలీసు స్టేషను నుంచి ఫోను. గుడివాడ బస్టాండులో ఇద్దరు పెద్దపిల్లలతో కలిసి ఒకామె పర్సు కొట్టేస్తుంటే పట్టుకున్నారు. బందరు నుంచి నేను, షాపు నుంచి మా అమ్మాయి వెళ్ళాం. పిల్ల బెంచీ మీద కాలు మీద కాలు వేసుకుని కూర్చుంది. పెదవి పగిలి ఉంది.

"ఇప్పుడు నిజంగానే చేశా అమ్మమ్మా," అంది. "పర్సు తీశా. వీళ్ళూ అదే అడుగుతున్నారు, ఎవడని."

"ఏం చెప్పావే?"

"ఈసారి పేరు అనుకునే ఉంచా."

మా అమ్మాయి కొంగుతో దాని పెదవి తుడవబోయింది. ఆ రోజు పదో తరగతి పరీక్షలు మొదలైన రోజు. వీధిలో పిల్లలు అట్టలు పట్టుకుని వెళ్తున్నారు.

ఇంటికి పోనంది. ఆడపిల్లల హోంలో పెట్టారు. నెలకొకసారి వెళ్ళేదాన్ని. అక్కడ ఒక మేడం తల్లిదండ్రులను కూర్చోబెట్టి, ఈ వయసు ఆడపిల్లలు ఎందుకు దారి తప్పుతారో చెప్పింది. చెడు స్నేహాలు, ఫోను, చదువు మానేయడం, ఇంట్లో పట్టించుకోకపోవడం, ప్రేమ వ్యవహారాలు. శ్రద్ధగా విన్నాను, ఒక్కొక్కటే మా పిల్లకు సరిచూసుకున్నాను. రెండు కుదిరాయి: చదువు మానేయడం, చెడు స్నేహాలు. మొదటిది మేం చేయించినది. రెండోది అది పాలపాకెట్టుకు వెళ్ళిన తరవాతది. దొంగతనానికి ముందున్న కారణం ఆవిడ చెప్పినవాటిలో లేదు. చేతిలో ఇంత పని ఉండి, చూపించుకోవడానికి అత్త మెడ తప్ప వేరే చోటు లేకపోవడం అన్నది ఎవరూ రాసుకోరు. చెబుదామని లేచాను. "తరవాత మాట్లాడదాం బామ్మగారూ," అంది.

రెండో ఏడు ఒకసారి పట్టకారు, కాసిని రింగులు తీసుకెళ్ళాను. గేటు దగ్గరే ఆపేశారు.

"పట్టకారు ఆయుధమంట అమ్మమ్మా," అని నవ్వింది పిల్ల. ఆ నవ్వు నాకు తెలిసినది కాదు. చేతులు చూశాను. గోళ్ళు కొరికి కొరికి వేళ్ళ చివర్లు ఉబ్బి ఉన్నాయి.

పద్దెనిమిది నిండిన రోజున పంపించేశారు. జ్యేష్ఠమాసపు ఎండలో గేటు బయట నిలబడ్డాను, బందరుకు ఇద్దరికీ సరిపడా చిల్లర పట్టుకుని. అది ఇంకో ఇద్దరు పిల్లలతో బయటికొచ్చింది. నన్ను చూసి ఆగింది. కొంగులో మూటగట్టుకొచ్చిన పాలకాయతిప్ప గొలుసు తీసి ఇచ్చాను. చూసి, నా చేతిలోనే మూసేసింది.

"నాతో రా. షెడ్డు వద్దు, మనిద్దరమే చేసుకుందాం."

"వస్తే మళ్ళీ అడుగుతారు అమ్మమ్మా. ఈసారి ఎవరూ లేరని చెప్పలేను నేను."

నేను అడగనన్నాను. నువ్వు ఎప్పుడూ అడగలేదు అంది. అని, విజయవాడ బస్సెక్కింది. ఈ శ్రావణానికి ఆ మాటకు ఏడాదీ రెండు నెలలు.

ఇప్పటికీ నెలకు రెండుసార్లు గిల్టు షాపులకు వెళ్ళి గొలుసులు ఎత్తి చూస్తాను. అది దొరికినా చూపించడానికి ఎవరూ లేరని తెలుసు. ఎక్కడో ఏ ఊళ్ళోనో ఎవరో ఒకామె మూడు కాసుల బంగారం గిల్టనుకుని మేకుకు తగిలించి ఉంటుంది.

పోయినవి ఇవి.

మూడు కాసుల గొలుసు ఒకటి, దానికి నొక్కుపడ్డ రింగు ఒకటి.

నా గాజులు నాలుగు.

పదో తరగతి ఒకటి.

పాలకాయతిప్పలో చూడకుండా వదిలేసిన కొట్లు ఎనిమిది.

హోంలో రెండేళ్ళ మూడు నెలలు.

మా అమ్మాయికి కూతురు. అల్లుడుగారికి కూడా కూతురే. ఆయన ఇప్పుడు ఇంట్లో ఎవరినీ ఏమీ అడగరు.

రింగులు కలిపే చేతులు రెండు.

మిగిలింది గిల్టు గొలుసు ఒకటి, పన్నెండున్నర గ్రాములు. పూత ఇంకా పోలేదు.